నిలిపి ఉంచిన నలభై ఎనిమిది పేజీలు

నేను కోతలు కోస్తానని ధర్మవరంలో మూడు వీధులకు తెలుసు. నాలుగో వీధికి ఆ పేరు పాకలేదంటే, అక్కడ నాకంటే పెద్ద కోతలరాయుడు ఒకడు ఉండటమే కారణం. నా మొదటి కంప్యూటరును, వజ్రకరూరు చేలల్లో వాన వెలిశాక దొరికిన వజ్రం అమ్మి కొన్నానని చాలామందికి చెప్పాను. నిజానికి మా నాయన పాత స్కూటరు అమ్మి కొన్నాను. అందుకని ఇప్పుడు చెప్పబోయేదాన్ని మీరు సగానికి సగం కొట్టేసి చదువుతారని తెలుసు. అలాగే చదవండి. కొట్టేయగా మిగిలిన సగం కూడా నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

కంప్యూటరు ముందు కూర్చుని బతకబోయే మీకు నా ఉద్యోగం ఏమిటో ముందు చెప్పాలి. ఎందుకంటే అది ఇప్పుడు లేదు. మా ఇంటి ముందు గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. అదే నా ఆఫీసు. పట్టుచీర అంచుకో, కొంగుకో కావలసిన బొమ్మను సన్నని గళ్లలో చుక్కలు చుక్కలుగా నింపి, కాగితాల మీద అచ్చు తీసి, ఆ కాగితాలను అతికించి ఇచ్చేవాణ్ణి. దాన్ని గ్రాఫు అంటారు. ఒక్కో చుక్క ఒక్కో పోగు. ఆ గ్రాఫు చూసి అట్టలు కొట్టేవాళ్లు అట్టలకు బెజ్జాలు పెడతారు. ఆ అట్టలన్నీ దండలా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తే, ఏ పోగు లేవాలో ఏది పడుకోవాలో అవే చెబుతాయి. ఇప్పుడు డిజైను పెన్‌డ్రైవులోంచి నేరుగా మగ్గం మీదికి పోతోంది. మధ్యలో కాగితమూ లేదు, నేనూ లేను. యాభై నాలుగేళ్లకే రిటైరైపోయాను.

బొమ్మలు నావి కావు. ఉస్తాదువి. ఆయన మా వీధి చివర ఉండే పెద్దాయన. నలభై ఏళ్లు చేత్తో గ్రాఫులు గీసి, కళ్లు మసకబారాక నా పక్క కుర్చీలోకి వచ్చాడు. మౌసును ఎన్నడూ ముట్టుకోలేదు. కళ్లు మూసుకుని చెప్పేవాడు. "ఎర్ర చుక్క. నాలుగు ఒదిలెయ్. మూడు పసుపు. కింది గడికి రా. రెండు ఒదిలెయ్." నేను నొక్కుతూ పోయేవాణ్ణి. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం నమాజుకు లేచేదాకా ఆ ధార తెగేది కాదు. సాయంత్రం తెరను దూరం జరిపి చూస్తే అక్కడ ఒక హంస మెడ తిప్పి నన్నే చూస్తూ ఉండేది. కాగితం మీద ఒక్క గీత లేదు. బొమ్మంతా ఆయన తలలోనే ఉండేది, పోగుల లెక్కతో సహా.

ఒకరోజు పక్క వీధి నేతామె వచ్చింది. కంబదూరు దగ్గరి పల్లె నుంచి కోడలుగా వచ్చి, ఇరవై ఏళ్లుగా షావుకారు ఇచ్చిన పట్టుతో షావుకారు చెప్పిన చీర నేస్తున్న మనిషి. నేసేవాళ్లు నేసిన చీర కట్టుకోవడం మా ఊళ్లో అరుదు. ఆమె రెండేళ్లుగా కూడబెడుతూ సొంత పట్టు, సొంత జరీ కొంచెం కొంచెంగా కొనుక్కుంటోంది. మొదటిసారి తన కోసం ఒక చీర నేసుకోవాలనుకుంది.

"ఏం బొమ్మ కావాలమ్మా? నెమలా, మామిడిపిందెలా?" అన్నాడు ఉస్తాదు.

"చెనక్కాయ చెట్టు కావాల ఉస్తాదూ."

పట్టుచీర మీద వేరుశనగ చెట్టా అని నేను నవ్వాను. ఆమె నా వంక చూడను కూడా లేదు.

"పైన ఆకులు, పసుప్పూలు. కింద ఊడలు, కాయలు. పెరికి పట్టుకుంటే ఎట్లుంటాదో అట్ల. మా నాయన చేన్లో పండిన ఏడు మేమంతా పెరికినాము. ఆ ఏడు ఉన్నట్ల."

ఉస్తాదు కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఆమెను మూడే మూడు ప్రశ్నలు అడిగాడు. ఒక చెట్టుకు ఎన్ని ఊడలు, కాయ నడుము ఎంత సన్నం, ఆకులు ఎన్నెన్ని గుంపుగా ఉంటాయి. ఆ మరుసటి రోజు నుంచి ఇరవై ఒక్క రోజులు చెప్పాడు, నేను నొక్కాను. నలభై ఎనిమిది పేజీలైంది. భూమి పైన ఉన్నదాన్ని గీసినవాళ్లు చాలామంది ఉన్నారు. భూమి కింద ఉన్నదాన్ని పట్టు మీదికి తెచ్చిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. ఆ ఫైలుకు 'కంబదూరు కాయ' అని పేరు పెట్టాను.

ఆమె గ్రాఫు తీసుకుపోయి అట్టలు కొట్టించుకుంది. పట్టు మొత్తం చేతికి వచ్చేసరికి ఇంకో ఏడాది పట్టింది.

ఆ ఏడాదిలో రెండు జరిగాయి. ఒకటి, ఉస్తాదుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. కళ్లద్దాల వెనక చూపు మాత్రం మునుపటిలాగే గుచ్చుతూ ఉండేది. రెండోది, నా తప్పు. కంప్యూటరులో రెండు హార్డ్‌డిస్కులు ఉండేవి. డిజైన్లన్నీ ఒకదాంట్లో పెట్టి, ఇంకెక్కడా నకలు తీయకుండా నిశ్చింతగా ఉన్నాను. మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ డిస్కు టక్‌టక్‌మని నాలుగుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. ఉస్తాదు నోటి నుంచి నేను పట్టిన బొమ్మలన్నీ అందులోనే పోయాయి. బెంగళూరు దాకా తీసుకుపోయాను. అక్కడివాళ్లు విప్పి చూసి, లోపల పలకలు గీసుకుపోయాయి, ఇంక రాదన్నారు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోగా, వీధి అరుగు మీద ఎవరో అడిగితే "ఉస్తాదు డిజైన్లా? అనంతపురంలో బ్యాంకు లాకర్లో పెట్టినా. మ్యానేజరు, నేను, ఇద్దరం ఒకేసారి తాళాలు తిప్పితే గానీ తెరుచుకోదు" అన్నాను. అడిగినవాడు నోరు తెరిచాడు. నాకు అది చాలు.

పిల్లలూ, మీరు ఎన్ని కోతలైనా కోసుకోండి. నకలు తీసుకున్నామని మాత్రం కోయకండి.

ఆ అక్టోబరులో వాన వచ్చింది. మా వైపు వాన వస్తే జనం బయటికొచ్చి నిలబడి చూస్తారు. ఆమె కూడా వాకిట్లో నిలబడి చూసిందట. తర్వాత గుర్తొచ్చి లోపలికి పరుగెత్తి మగ్గం పడుగు మీద ప్లాస్టిక్ పట్ట కప్పింది. పట్టు బతికింది. నెత్తిన వేలాడే అట్టలకు సరిగ్గా పైన, కప్పు రేకుకు కన్నం ఉందని ఎవరికీ తట్టలేదు. ఆ రేకుకు కన్నముందని చెప్పేంత వాన అంతకు ముందు ఎప్పుడు పడిందని?

మర్నాడు పొద్దున్నే మొగుడూ పెళ్లామూ వచ్చారు. అతని చేతిలో గోనెసంచి. అందులో కొంగు అట్టలు. ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని, విడదీయబోతే పొరలు పొరలుగా ఊడొస్తున్నాయి. ఆమె చేతిలో నేను ఇచ్చిన గ్రాఫు. దూలం సందులో చుట్టి దాచుకుందట. నేను చవగ్గా దొరికిందని నింపిన సిరా అది. నీళ్లు తగిలి చుక్కలన్నీ కలిసిపోయి, కాగితమంతా హోలీనాడు వేసుకున్న చొక్కాలా ఉంది.

"అంచు అట్టలకేం గాలేదన్నా," అంది. "చీర ఒళ్లంతా నేసినా. కొంగు నాలుగు వేళ్లంత నేసినా, అంతలో వాన వచ్చినాది. గ్రాఫు ఇంగోటి తియ్యి, అంతే. ఉస్తాదు మళ్లీ చెప్పలేడు గదా."

మొగుడు గొణిగాడు. "షావుకారు కాడ మామిడిపిందెల అట్టలు ఉండాయి, అవి ఏసుకో అంటే ఇనదు."

"ఇరవై ఏండ్లు మామిడిపిందెలే గదా నేసింది. నాకొద్దు."

ఆ క్షణంలో నిజం చెప్పి ఉండవచ్చు. నా నోరు నాకంటే ముందు పరుగెత్తింది. "లాకరు తీయాలమ్మా. రేపు రా."

వాళ్లు వెళ్లాక మా ఆవిడ వంటింటి గడపలో నిలబడి అంది, "లాకరు తాళంచెవి యాడుందయ్యా? ఉప్పు డబ్బాలోనా?"

ఆమెకు అన్నీ తెలుసు. ఎప్పుడూ తెలుసు.

మర్నాడు తెల్లారగానే కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఇరవై ఒక్క రోజులు నా వేళ్లతో నొక్కిన బొమ్మ కదా, గుర్తుండకపోతుందా అనుకున్నాను. రెండు గంటలు తంటాలు పడితే ఒక ఆకు, ఒక ఊడ, దాని చివర ఒక కాయ వచ్చాయి. ఆ కాయను మా ఆవిడకు చూపించాను.

"బాగుండాది," అంది. "వంకాయేనా?"

పోనీ కాగితం మీద చూస్తే ఎక్కడ పొరపాటో తెలుస్తుందని ప్రింటు కొట్టాను. రాలేదు. మళ్లీ కొట్టాను. అందరమూ చేసే పనే. ప్రింటరు పలకకపోతే, దానికి చెవుడన్నట్టు మళ్లీ మళ్లీ నొక్కుతాం. అది చెవిటిది కాదు. ప్రతి నొక్కునూ రాసుకుని, ఒకదాని వెనక ఒకటి వరసలో నిలబెడుతుంది. ముందున్నది ఇరుక్కుంటే వెనకవన్నీ ఆగిపోతాయి; మనమే నిలిపి పెట్టినదాన్ని మాత్రం దాటుకుని పోతాయి. రేషన్ షాపు వరసే అనుకోండి. తెరమీద మూలన ఉన్న ప్రింటరు బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే ఆ వరసంతా కనిపిస్తుంది. ఏ కాగితం, ఎన్ని పేజీలు, ఏ రోజు పంపాం, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. అక్కడే ఒక్కోదాన్ని ఆపవచ్చు, సాగనంపవచ్చు, కొట్టేయవచ్చు. అన్నేళ్ల ఉద్యోగంలో నేను ఆ వరస తెరిచి చూసింది వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఏదైనా ఇరుక్కుంటే స్విచ్చి ఆపి మళ్లీ వేయడమే నా వైద్యం. అందుకే మా ఇంట్లో బావమరిది రైలు టికెట్టు, అతను ప్రయాణం చేసి తిరిగొచ్చిన వారానికి కూడా ఒకసారి బయటికొచ్చింది.

ఆ రోజు తెరిచాను. పంతొమ్మిది పడి ఉన్నాయి. వంకాయే నాలుగుసార్లు ఉంది. విసుగొచ్చి, అన్నీ రద్దు చేయమని నొక్కాను. నిజంగానే రద్దు చేయమంటావా అని అడిగింది. అవును మీదికి బాణం గుర్తు తీసుకుపోయాను.

అప్పుడు కంటబడింది, అన్నిటికంటే పైన. కంబదూరు కాయ. నలభై ఎనిమిది పేజీలు. నిలిపి ఉంచబడింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తీసుకోవడం కాదు, నిప్పు తగిలినట్టు లాగేశాను. మౌసు బల్ల కింద పడి తీగకు వేలాడింది.

తేదీ చూస్తే గుర్తొచ్చింది. గ్రాఫు పూర్తయిన రోజు నేను సంబరంగా ప్రింటు కొట్టాను. ఉస్తాదు నా భుజం పట్టుకున్నాడు. "ఏమప్పా, ఈ పొద్దు అమాస గదా. నిలుపు. రేపు తీద్దాం." అమావాస్యనాడు మా ఊళ్లో మగ్గం ఎక్కరు. కొత్త బొమ్మను కాగితం మీద పెట్టరు. ఉస్తాదు మసీదుకు పోయే మనిషే. కానీ నలభై ఏళ్లు మగ్గాల మధ్య బతికినవాడికి మగ్గాల అమావాస్య తనది కూడా. నేను ఆ పనిని వరసలో నిలిపాను. మర్నాడు ఆ సంగతి శుభ్రంగా మరిచిపోయి, ఫైలు తెరిచి కొత్తగా ప్రింటు కొట్టాను. అదే ఆమె తీసుకుపోయింది. నిలిపినది నిలిపినట్టే ఉండిపోయింది.

డిజైన్లు ఉన్న డిస్కు చచ్చిపోయింది. వరస దాచుకునే చోటు రెండో డిస్కులో ఉంది. ఆ తర్వాత ఎన్నిసార్లు కరెంటు పోయిందో, ఎన్నిసార్లు నేను కంప్యూటరు ఆపి వేశానో. దాని పక్కనుంచి ఆధార్ కాగితాలు పోయాయి, పెళ్లి శుభలేఖలు పోయాయి, బావమరిది టికెట్టు మూడుసార్లు పోయింది. అది మాత్రం పదిహేను నెలలు, ఉస్తాదు నిలబడమన్న చోటే నిలబడి ఉంది. గుడిలోకి వెళ్లినప్పుడు కూడా నాకు అలా ఒళ్లు జలదరించలేదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు.

మా ఆవిడ వచ్చి నా మొహం చూసి, "ఏమైనాది? ఛాతీ నొప్పా?" అంది.

వేలితో తెర చూపించాను. ఆమె చదివింది. కొంగుతో తెర మీది దుమ్ము తుడిచి మళ్లీ చదివింది.

"ఈ పొద్దు ఏం తిథి?" అంది ముందు.

పంచమి.

చిక్కేమిటంటే, వరసలో ఉన్నదాన్ని తెరిచి చూసే దారి నాకు తెలియదు. నకలు తీయడమూ తెలియదు. సాగనంపితే ఒక్కసారి అచ్చవుతుంది, అయ్యాక వరసలోంచి చెరిగిపోతుంది. అచ్చయినదాన్ని అట్టిపెట్టుకోమని చెప్పే మీట ఒకటి ఉంటుందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పటికి నాకున్నది ఒక్క అవకాశం. సిరా సగమే ఉంది. ఉదయం పదింటికి కరెంటు పోతుంది. టైము ఎనిమిదిన్నర.

నేతామెను పిలవకుండా ఆ పని చేయకూడదనిపించింది. మా ఆవిడే వెళ్లి పిలుచుకొచ్చింది. దారిలో ఏం చెప్పిందో గానీ, ఆమె గడపలోనే అడిగేసింది.

"లాకరు లేదంటనే అన్నా?"

"లేదమ్మా."

"ఎప్పుడూ లేదా?"

"ఎప్పుడూ లేదు. నకలు కూడా లేదు. డిస్కు మేలో పోయింది. నీకు నిన్న చెప్పింది అబద్ధం. ఇదొక్కటే ఉంది, ఇది ఒక్కసారే వస్తాది. మధ్యలో చెడితే నేనేం చెయ్యలేను."

ఇలాంటి మాటలు నా నోటి నుంచి వరసగా నాలుగు రావడం అదే మొదలు. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఉస్తాదును తీసుకురాపో," అంది మొగుడితో. "ఆయన లేకుండా వొద్దు."

మొగుడు ఉస్తాదును సైకిలు క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని, పడకుండా తన నడుముకు తువ్వాలుతో కట్టుకుని తొక్కుకుంటూ తీసుకొచ్చాడు. నేను పక్క కొట్టు నుంచి సిరా తెచ్చి నింపి, వరసలో ఇరుక్కున్న పాతవాటిని ఒక్కొక్కటే చూసి కొట్టేసి, వంకాయలను నిలిపి పెట్టాను. తొమ్మిదింటికి ఆ పేరు మీద బాణం గుర్తు పెట్టి, సాగించమని నొక్కాను.

ఏమీ జరగలేదు.

ఆమె ఊపిరి వినబడుతోంది. మళ్లీ నొక్కబోయాను. ఉస్తాదు ఎడమ చెయ్యి నా మణికట్టు మీద పడింది. ఆగాను. ప్రింటరు ఒకసారి దగ్గింది, రెండోసారి గొంతు సవరించుకుంది, కాగితాన్ని లోపలికి లాక్కుంది.

మొదటి పేజీలో ఒక ఆకు కొస వచ్చింది. ఒక్కో పేజీ రాగానే ఆమె రెండు చేతులతో అందుకుని నేల మీద పరుస్తోంది. పూలు వచ్చాయి. కాండం వచ్చింది. ఇరవయ్యో పేజీ దగ్గర నేల కింది భాగం మొదలైంది. ఊడలు, వాటికి వేలాడుతూ కాయలు. మొగుడు మీటరు డబ్బా కింద నిలబడి, కరెంటు పారిపోకుండా కాపలా కాస్తున్నట్టు దాన్నే చూస్తున్నాడు. మా ముందు గది నిండిపోయింది, వంటింట్లోకి పరిచాం. మా ఆవిడ పొయ్యి ఆపేసి గట్టు మీద ఎక్కి కూర్చుంది.

ముప్పై ఆరో పేజీ మధ్యలో నాలుగు వేళ్ల మందాన తెల్లగా వచ్చింది. సిరా గొట్టంలో ఏదో అడ్డుపడింది. తర్వాతి పేజీకి సర్దుకుంది గానీ, ఆ నాలుగు వేళ్లలో ఒక కాయ మొత్తం లేదు. పది కావడానికి ఐదు నిమిషాలుండగా నలభై ఎనిమిదోది వచ్చింది. తెర మీద ఆ పేరు మాయమైంది. వరసలో ఇంక వంకాయలే మిగిలాయి.

ఆమె ఆ ముప్పై ఆరో పేజీ పట్టుకుని నిలబడింది. "నాలుగు వేళ్ల జాగా," అంది చిన్నగా. "నాలుగు వేళ్లే."

ఉస్తాదు చెయ్యి చాపాడు. ఆమె కాగితం ఇచ్చింది. ఆయన నా జేబు వైపు చూశాడు. పెన్సిలు ఇచ్చాను. కుర్చీ చేతి మీద కాగితం పెట్టుకుని, ఎన్నడూ రాయని ఎడమ చేత్తో తెల్లటి గళ్లలో చుక్క పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. మూడు గళ్లు వదిలి ఇంకో చుక్క. అప్పుడు కరెంటు పోయింది. ఎవరూ గమనించలేదు. నోట్లోంచి మాట రాని మనిషి, పెదవులు కదలని మనిషి, పదిహేను నెలల కింద ఒక్కసారి చెప్పిన లెక్కను తలలోంచి తీసి కాగితం మీద పెడుతున్నాడు. గంటన్నర పట్టింది. చెమటతో చొక్కా తడిసిపోయింది. మేము నలుగురం పెద్దవాళ్లం, ఒక మనిషి చుక్కలు పెడుతుంటే నోరెత్తకుండా చూస్తూ కూర్చున్నాం. నా జీవితంలో నేను ఒక్క మాట కూడా మాట్లాడకుండా గడిపిన గంటన్నర అది. మా ఆవిడను అడగండి, సాక్ష్యం చెబుతుంది.

కార్తీకం దాటాక ఒక రోజు ఆమె ఆ చీర కట్టుకుని ఉస్తాదు ఇంటికి వచ్చింది. నన్నూ పిలిచారు. కొంగు విప్పి ఆయన ఒళ్లో పరిచింది. నల్లటి పట్టు మీద జరీ కాయలు. చెట్టును ఇప్పుడే పెరికి పట్టుకున్నట్టు ఉంది. ఒక్క కాయ మాత్రం మిగతావాటికంటే కొంచెం పక్కకు వాలింది. అది ఎడమ చేతి కాయ.

ఇక్కడ ఉస్తాదుకు మాట వచ్చిందని రాయాలని నా చేతికి దురదగా ఉంది. రాయను. ఆయనకు మాట రాలేదు, ఇప్పటికీ రాలేదు. ఆ వాలిన కాయను వెతికి పట్టుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి, చేన్లో పంట చూడవచ్చినవాడు గట్టిదో తాలో తేల్చుకోవడానికి కాయను ఒత్తి చూస్తాడే, అలా ఒత్తాడు.

ఆమె నవ్వుతూ కొంగు మెల్లగా లాక్కుంది.

"గట్టిదే ఉస్తాదూ. ఒలిచి చూసేవు, మూడేండ్ల పట్టు."